క్లాసిక్ హారర్‌ని మళ్ళీ తీయాలా, ముట్టుకోకుండా వదిలేయాలా?

సెకండ్‌షో:

ఏ పాత హారర్ సినిమాకి రీమేక్ ప్రకటించినా కింద కామెంట్లలో మొదట కనిపించే మాట ఒకటే, "క్లాసిక్‌ని పాడుచేయకండి" అని. నేను ఒప్పుకోను. ప్రేమకథల సంగతీ ఫ్యాక్షన్ కథల సంగతీ ఎలా ఉన్నా, భయపెట్టే సినిమాకి రీమేక్ చాలాసార్లు అవసరం. ఎందుకో మనలో చాలామందికి తెలిసిన కథతోనే చెప్తాను.

1993లో ఫాజిల్ మలయాళంలో తీసిన మణిచిత్రతాళు. పాతకాలపు పెద్ద ఇల్లు, తాళం వేసి ఉంచిన గది, ఎప్పుడో అక్కడ ప్రాణం పోగొట్టుకున్న నాగవల్లి అనే నర్తకి. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన గంగ ఆ కథలో మునిగి మునిగి తానే నాగవల్లి అయిపోతుంది. గంగ మలయాళం మాట్లాడుతుంది. నాగవల్లి తంజావూరు నుంచి తెచ్చిన మనిషి కాబట్టి తమిళం మాట్లాడుతుంది. నగలు కొనడానికి బయలుదేరిన గంగని భర్త వద్దంటాడు. మొగుడూ పెళ్ళాల మధ్య మామూలు మాటలే. అవి అలా సాగుతుండగానే గొంతు మారి, ఆవిడ తమిళంలోకి దిగి, ఒంటి చేత్తో మంచం ఎత్తేస్తుంది. మలయాళీ ప్రేక్షకుడు జడుసుకున్నది అక్కడ. ఇంట్లో మనిషి నోట పక్క రాష్ట్రం భాష వినిపించడమే ఆ భయానికి మూలం.

ఇప్పుడు రీమేక్‌లు చూడండి. కన్నడ ఆప్తమిత్ర (2004)లో నర్తకి తెలుగు మాట్లాడుతుంది. మరుసటి ఏడాది వచ్చిన తమిళ చంద్రముఖిలోనూ తెలుగే. అదే చంద్రముఖిని మనకి డబ్ చేసేటప్పుడు ఆవిడ తెలుగులో పాడితే వింతేముంది? అందుకే మన ప్రింటులో ఆ పాట తమిళంలో ఉంటుంది, "వారాయ్" అని. హిందీ భూల్ భులయ్యా (2007)లో మంజులిక బెంగాలీ అయింది. తీసిన ప్రతిచోటా "మా ప్రేక్షకుడి చెవికి దగ్గరగా ఉంటూనే పరాయిగా వినిపించే భాష ఏది?" అని ఆలోచించుకోవాల్సి వచ్చింది. సబ్‌టైటిల్స్‌లో మలయాళమూ తమిళమూ కింద ఒకే అక్షరాల్లో పడతాయి. ఆ రెండు భాషల తేడా తెలియనివాడికి ఆ సన్నివేశంలో సగం పోయినట్టే. ఇలాంటి కథని మన దగ్గరికి తేవాలంటే మళ్ళీ తీయక తప్పదు.

కాపీ కొట్టినదాన్ని మాత్రం నేను వెనకేసుకురాను. 1998లో గస్ వాన్ సాంట్ హిచ్‌కాక్ సైకోని దాదాపు షాట్‌కి షాట్ దించాడు. దాదాపు స్క్రిప్టు అదే, బెర్నార్డ్ హెర్మన్ సంగీతం అదే, కొత్త నటులూ రంగులూ తప్ప పెద్ద తేడా లేదు. 1960లో సినిమా మొదలయ్యాక హాల్లోకి ఎవర్నీ రానివ్వద్దని హిచ్‌కాక్ పట్టుబట్టాడు. ఎందుకంటే కథ సగానికి రాకముందే హీరోయిన్ చచ్చిపోతుందని ప్రేక్షకుడికి తెలియకూడదు. 1998కి హీరోయిన్ హత్య జరిగే ఆ షవర్ సీన్ చూడనివాళ్ళు కూడా దాని గురించి వినే ఉన్నారు. షాట్లు దించగలిగాడు గానీ ప్రేక్షకుడి తెలియనితనాన్ని వెనక్కి తేలేకపోయాడు.

పాతరీలు:

సెకండ్‌షో గారూ, భాష గురించి మీరు చెప్పింది నిజమే, కానీ దాన్నుంచి మీరు తేల్చినదానికి ఒప్పుకోను. మణిచిత్రతాళులో గంగగా చేసిన శోభన భరతనాట్య కళాకారిణి. ఆ పాత్రకి ఆవిడకి జాతీయ అవార్డు వచ్చింది. నాగవల్లి అడుగు వేస్తే శరీరం మొత్తం వేరే మనిషిదవుతుంది. తర్వాత వచ్చినవాళ్ళందరూ కళ్ళు పెద్దవి చేసి, కాటుక కారేలా పెట్టుకుని ఆ ఖాళీని నింపారు. సంగీతమూ అంతే. ఎం.జి. రాధాకృష్ణన్ అందులో ఒక పాటని ఆహిరి రాగంలో కట్టాడు. ఆహిరి పాడితే ఆ పూట అన్నం పుట్టదని మన సంగీతం వాళ్ళలో ఒక నమ్మకం ఉంది. అలాంటి రాగం వినిపించగానే మనకి తెలియకుండానే గుండె బరువెక్కుతుంది. రీమేక్‌లలో ఆ చోట హుషారు పాటలు దూరాయి.

అంతకన్నా నన్ను బాధపెట్టేది ఇంకోటి ఉంది. రీమేక్ ఒరిజినల్‌ని మింగేస్తుంది. 1931లో పారమౌంట్ వాళ్ళు డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్ తీశారు, ఫ్రెడ్రిక్ మార్చ్‌కి ఆస్కార్ తెచ్చిన సినిమా. పదేళ్ళకి ఎం.జి.ఎం. దాన్ని స్పెన్సర్ ట్రేసీతో మళ్ళీ తీస్తూ, పాత సినిమా హక్కులు కొనేసి, ప్రింట్లు బయట కనపడకుండా చేసింది. ఏళ్ళ తరబడి జనానికి ఆ సినిమా చూసే దారి లేకుండా పోయింది. అది చాలా కాలం కిందటి మాట అనకండి. ఇప్పుడు హక్కులు కొని దాచక్కర్లేదు. హిందీ ప్రేక్షకుల్లో ఎందరో భూల్ భులయ్యానే అసలు సినిమా అనుకుంటారు. శోభన పేరు కూడా వాళ్ళకి తెలియదు.

ఆప్తమిత్రుడు:

బెంగళూరులో ఉంటాను కాబట్టి ఒక మాట. "కళ్ళు పెద్దవి చేశారు" అని పాతరీలు గారు అందర్నీ ఒకే గాటన కట్టేశారు. ఆప్తమిత్రలో ఆ పాత్ర మన సౌందర్యది. 2004 ఏప్రిల్‌లో విమాన ప్రమాదంలో ఆవిడ పోయింది, సినిమా ఆగస్టులో విడుదలైంది. నెమ్మదైన ఇల్లాలి పాత్రల్లో మనం ఏళ్ళుగా చూసిన ముఖం అది. ఆ ముఖమే మారిపోయి, కన్నడ సినిమాలో తెలుగు మాట్లాడుతుంటే, ఇక్కడి తెలుగువాళ్ళకి ఎలా ఉంటుందో ఊహించండి. హాల్లో మిగతావాళ్ళకి పరాయి భాష, మనకి ఇంటి భాష. అందరూ జడుసుకునే చోట నాకు భయంకన్నా దుఃఖం ఎక్కువ వచ్చింది. ఆ అనుభవం ఒరిజినల్ ఇవ్వలేదు, దాని తప్పు కాదు. రీమేక్ లేకపోతే ఆ నటన ఉండేదే కాదు.

బాల్కనీ:

కేరళ నుంచి కాస్త బయటికి వెళ్దాం. రీమేక్ వద్దనేవాళ్ళకి నేను ఎప్పుడూ అడిగే ప్రశ్న, మరి ది థింగ్ మాటేమిటి? జాన్ కార్పెంటర్ 1982లో తీసింది రీమేకే. 1951లో హోవార్డ్ హాక్స్ నిర్మించిన సినిమా ఉంది ముందే. రెంటికీ ఆధారం 1938లో జాన్ క్యాంప్‌బెల్ రాసిన పెద్ద కథ. అందులో మంచులో దొరికిన ప్రాణి ఏ మనిషిలాగైనా మారిపోగలదు. 1951 వాళ్ళు దాన్ని వదిలేసి మనిషి ఆకారంలో ఉన్న ఒక మొక్కజాతి రాక్షసుణ్ణి పెట్టుకున్నారు. కార్పెంటర్ మళ్ళీ కథ దగ్గరికే వెళ్ళాడు. అంటార్కిటికాలో చిక్కుకున్న కొద్దిమంది మగవాళ్ళు, వాళ్ళలో ఎవరు మనిషో ఎవరు కాదో తెలియదు. రక్తపరీక్ష సీన్ ఇప్పటికీ ఊపిరి బిగబట్టి చూస్తాం.

విడుదలైనప్పుడు విమర్శకులు దాన్ని ఉతికి ఆరేశారు. రెండు వారాల ముందే ఈ.టీ. వచ్చింది, జనం ముద్దొచ్చే గ్రహాంతరవాసిని చూసి మురిసిపోతున్నారు. ఆ రోజుల్లో మన పాతరీలు గారి లాంటి వాదన వినేసి నిర్మాతలు వెనక్కి తగ్గి ఉంటే ఇవాళ మనం క్లాసిక్ అని నెత్తిన పెట్టుకునే ఆ సినిమా ఉండేది కాదు. డేవిడ్ క్రోనెన్‌బర్గ్ ది ఫ్లై (1986) కూడా అంతే, 1958 సినిమాకి రీమేక్. మేకప్‌కి ఆస్కార్ వచ్చింది.

పాతరీలు:

బాల్కనీ గారూ, మీరు తెచ్చినవన్నీ గెలిచినవి. అదే ది థింగ్‌కి ముందు జరిగిన కథ అంటూ 2011లో అదే పేరుతో ఇంకోటి తీశారు. దానికోసం కళాకారులు చేతులతో బొమ్మలు, యంత్రాలు చేసి పెట్టారు. చివరికి వాటిలో చాలావాటి మీద కంప్యూటర్ గ్రాఫిక్స్ కప్పేశారు. 1982లో రాబ్ బాటిన్ తయారుచేసిన జిగురూ తోలూ రబ్బరూ నటుల ముందు నిజంగా ఉన్నాయి కాబట్టే వాళ్ళ ముఖాల్లో ఆ అసహ్యం కనిపిస్తుంది. పేరు వాడుకున్నారు, పనితనాన్ని తీసి పక్కన పెట్టారు. రీమేక్‌లలో ఎక్కువభాగం ఈ బాపతే. ఒక కార్పెంటర్ కోసం ఇన్నింటిని భరించాలా?

నైట్‌డ్యూటీ:

భరించాలనే అంటాను. చెత్త రీమేక్ వల్ల ఒరిజినల్‌లో ఒక్క ఫ్రేమూ చెరిగిపోదు. 2011 సినిమా ఇప్పుడెవరికి గుర్తుంది?

ఇంకోటి, భయపెట్టే వస్తువు పాతబడిపోతుంది. 1998లో హిడియో నకాటా జపాన్‌లో తీసిన రింగు మొత్తం వీడియో క్యాసెట్ మీద నడుస్తుంది. క్యాసెట్ చూసినవాళ్ళు ఏడు రోజుల్లో చస్తారు. 2002లో గోర్ వెర్బిన్‌స్కీ అమెరికాలో ది రింగ్ తీసేనాటికి ఇంకా ఇళ్ళలో వీసీఆర్‌లు ఉన్నాయి కాబట్టి నడిచింది. అతనూ గుడ్డిగా దించలేదు. పడవలో గుర్రం బెదిరిపోయే సీన్ జపాన్ సినిమాలో లేదు, నా మటుకు ఆ సినిమాలో అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది అదే. మా తమ్ముడికి ఒరిజినల్ చూపిస్తే, క్యాసెట్ అంటే ఏంటో, కాపీ తీయడం అంటే ఏంటో ముందు చెప్పాల్సి వచ్చింది. భయం పుట్టేలోపు పాఠం చెప్పాల్సిన సినిమాని కొత్తతరానికి మళ్ళీ తీస్తే తప్పేముంది?

పాతరీలు:

పాఠం చెప్పండి. ఆమాత్రం ఓపిక లేకపోతే ఇక పాత సినిమా అనేదే ఉండదు. మంచి ప్రింటు ఉంటే జనం వస్తారు కూడా. మణిచిత్రతాళునే 2024 ఆగస్టులో 4కేలో బాగుచేసి కేరళలో మళ్ళీ థియేటర్లకి తెచ్చారు. పెద్ద తెర మీద, చుట్టూ శబ్దంతో. ఇంకో రీమేక్‌కి పెట్టే డబ్బులో కొంత ఇలాంటి పనికి పెట్టమనే నేనడిగేది.

సెకండ్‌షో:

రీస్టోరేషన్ విషయంలో పాతరీలు గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. రీమేక్ హక్కులు అమ్మేటప్పుడే, ఒరిజినల్‌ని మంచి ప్రింటుతో అందుబాటులో ఉంచాలని ఒప్పందంలో రాసుకోవాలి. జెకిల్ విషయంలో జరిగింది దౌర్జన్యం, దాన్ని ఎవరూ సమర్థించలేరు. కానీ అది హక్కులు కొన్నవాళ్ళ బుద్ధి. రీమేక్ అనే పనిలోనే ఉన్న దోషం కాదు.

నాకు నిజంగా కోపం వచ్చేది వేరేచోట. మణిచిత్రతాళులో దెయ్యం లేదు. ఊరంతా దెయ్యం అంటుంటే మానసిక వైద్యుడు వచ్చి, అది జబ్బు అని చెప్పి, ఆ అమ్మాయిని చంపకుండా, కొట్టకుండా మామూలు మనిషిని చేస్తాడు. భూతవైద్యుడు కూడా చివరికి డాక్టర్ పథకానికి సహకరిస్తాడు. ఆ రోజుల్లో అలా రాయడానికి ఎంత ధైర్యం కావాలి! మన ఊళ్ళలో పూనకం పేరుతో ఆడవాళ్ళని వేపమండలతో బాదడం మనం ఎరగనిది కాదు. 2022లో వచ్చిన భూల్ భులయ్యా 2లో మాత్రం నిజంగానే దెయ్యం ఉంటుంది. పేరు అదే, పాట అదే, కథ ఇచ్చిన ధైర్యం మాత్రం తీసేశారు. నేను క్షమించలేనిది అది. శోభనంత బాగా ఆడలేదన్నది నాకు చిన్న విషయం.

బాల్కనీ:

అయితే మన దగ్గరి సినిమాతోనే అడుగుతాను. 1992లో రామ్‌గోపాల్ వర్మ తీసిన రాత్రి. కొత్త ఇంట్లో దిగిన కుటుంబం, చచ్చిపోయిన పిల్లి, రేవతి. భయమంతా కెమెరా కదలికలో, శబ్దంలో ఉంటుంది. రేపు ఎవరైనా దాన్ని మళ్ళీ తీస్తామంటే పాతరీలు గారు ఏమంటారు?

పాతరీలు:

వద్దంటాను. అది కథ కాదు, ఒక దర్శకుడు కెమెరాని పట్టుకున్న తీరు. మీరే అన్నారుగా, భయం అక్కడుందని. ఆ కెమెరాని అలాగే నడిపితే సైకో కాపీ అవుతుంది, మారిస్తే రాత్రి మిగలదు.

సెకండ్‌షో:

నేను తీయమంటాను, ఒక షరతు మీద. రాత్రిలో భయం ఒక కుటుంబం కొత్తగా దిగిన ఇంట్లోంచి వస్తుంది. ఇవాళ మనవాళ్ళు దిగుతున్నది ముప్పయ్యో అంతస్తు ఫ్లాట్లలోకి. పక్క ఫ్లాటులో ఎవరుంటారో తెలియదు, కారిడార్‌లో అడుగు పడితేనే లైటు వెలుగుతుంది, అర్ధరాత్రి లిఫ్ట్ దానంతటది వచ్చి మన ఫ్లోర్‌లో ఆగుతుంది. ఆ శబ్దాలు తెలిసిన దర్శకుడు తీస్తానంటే మొదటిరోజు టికెట్ కొంటాను. పాత షాట్లు మళ్ళీ వేసి, ఆ పిల్లిని గ్రాఫిక్స్‌లో దూకిస్తానంటే మాత్రం పాతరీలు గారి పక్కనే నిలబడతాను.