ఆదాయం పెరిగితే గాలి బాగుపడుతుందా? గ్రాఫ్‌లో ‘కొండ’ రావట్లేదు

ప్రశ్న: దేశాల తలసరి ఆదాయం అడ్డంగా, పీఎం 2.5 (గాలిలోని అతి సన్నటి కణాలు) నిలువుగా పెట్టి గ్రాఫ్ గీశాను. పర్యావరణ కుజ్నెట్స్ వక్రరేఖ చెప్పినట్టు, ఆదాయం పెరిగేకొద్దీ కాలుష్యం కొండలా ముందు పెరిగి, తర్వాత తగ్గాలి కదా? నాకు చుక్కలన్నీ చెల్లాచెదురుగా వచ్చాయి. ఖతార్, కువైట్ అంత డబ్బుండీ పైనే ఉన్నాయి. ఎల్లుండే ప్రజెంటేషన్, టెన్షన్‌గా ఉంది. డేటాలో లోపమంటారా?

జవాబు: డేటాని అనుమానించకండి. గల్ఫ్‌లో పీఎం 2.5లో ఎడారి దుమ్ము వాటా చాలా ఎక్కువ. జీడీపీ ఎంత పెరిగినా ఇసుక తుఫాను ఆగదు. ఆ దేశాలకు వేరే రంగు వేసి, కింద ఒక ముక్క రాయండి చాలు.

అసలు మీరు వెతికే కొండ సల్ఫర్ డయాక్సైడ్ వాయువులో బాగా కనిపిస్తుంది. 1991లో ఆర్థికవేత్తలు గ్రాస్‌మన్, క్రూగర్ చూపించింది కూడా సల్ఫర్ డయాక్సైడ్, పొగ గురించే. ఈ సల్ఫర్ వాయువు ఎక్కువగా బొగ్గు కరెంటు ప్లాంట్ల నుంచి వస్తుంది. పొగగొట్టాలు లెక్కపెట్టగలిగినన్నే కాబట్టి, వాటికి శుద్ధి యంత్రాలు బిగిస్తే చాలావరకు తగ్గిపోతుంది. పీఎం 2.5 అలా కాదు. కట్టెల పొయ్యి, డీజిల్ బండి, పొలంలో తగలబెట్టిన గడ్డి, చివరికి ఎరువుల నుంచి లేచే అమ్మోనియా కూడా గాలిలో కలిసి సన్నటి కణాలవుతుంది. ఎవరి పొయ్యి దగ్గర కాపలా పెడతారు?

ఆదాయానికి లాగ్ స్కేలు (1,000, 10,000, 1,00,000 అంటూ ఒక్కో గడికి పదింతలయ్యే కొలత) వాడారా? లేకపోతే పేద దేశాలన్నీ ఎడమ మూల ఇరుక్కుపోతాయి.

అడిగినవారు: వాడలేదు, ఇప్పుడే మారుస్తా. మరి ఆదాయం ఒక స్థాయి దాటితే గాలి దానంతటదే శుభ్రపడుతుందని రాయొచ్చా?

మరొకరు: ‘దానంతటదే’ మాత్రం వద్దండీ. 1952 డిసెంబరులో లండన్ పొగమంచుకు వేలమంది చనిపోయాకే 1956లో బ్రిటన్‌లో స్వచ్ఛ గాలి చట్టం వచ్చింది. చైనా 2013లో గాలి కాలుష్యంపై కార్యాచరణ ప్రణాళిక తెచ్చి సల్ఫర్‌ను గట్టిగా తగ్గించింది. 1970లో స్వచ్ఛ గాలి చట్టం తెచ్చిననాటి అమెరికాతో పోలిస్తే అప్పటికి చైనా తలసరి ఆదాయం చాలా తక్కువ. డబ్బు వీలు కల్పిస్తుంది, అంతే. పైగా పొగ కక్కే ఫ్యాక్టరీలు వేరే దేశానికి తరలిపోయినా ఇక్కడి లెక్క తగ్గినట్టే కనిపిస్తుంది.

ఇంకోటి, ఒకే ఏడాదిలో వంద దేశాలను పక్కపక్కన పెడితే అది ఏ ఒక్క దేశమూ నడిచిన దారి కాదు. నాలుగైదు దేశాలు తీసుకుని, ఒక్కోదానికి 1990 నుంచి ఏటేటా చుక్కలు పెట్టి గీతతో కలపండి. సల్ఫర్‌కి ఒక గ్రాఫ్, పీఎం 2.5కి ఒకటి. ఎల్లుండికి ఆ రెండూ సరిపోతాయి.