మా నాన్నగారి ఫియట్‌ది గ్రేనా, పావురాయి రంగా? ఫ్యాక్టరీ రంగు పట్టుకునేదెలా?

మల్కాజిగిరి_ఫియట్

నమస్తే అండీ. నాన్నగారి 1971 ఫియట్ 1100 డిలైట్ చాలా ఏళ్లు షెడ్డులో పడి ఉంది. ఇంజన్ పని, టింకరింగ్ అయ్యాయి, ఇప్పుడు రంగు దగ్గర ఆగిపోయాను. బండి మీద ఇప్పుడున్నది తెలుపు, నా చిన్నప్పుడు వేయించింది. ఆర్సీలో 'గ్రే' అని ఒక్క ముక్క ఉంది. అమ్మేమో "గ్రే ఏంట్రా, పావురాయి రెక్క రంగు, పొద్దున పూట నీలంగా ఉండేది" అంటుంది. నాన్న ఉంటే ఒక్క మాటతో తేలిపోయేది. ఉన్న ఒక్క కలర్ ఫొటో ఎర్రబారిపోయింది.

టెయిల్ లైట్ విప్పితే రబ్బరు కింద నీలం కలిసిన బూడిద రంగు కనిపించింది. డోర్ ప్యాడ్ తీస్తే లోపల అదే రంగు, కానీ ఆకుపచ్చ వైపు పోయి ఉంది. రాణీగంజ్‌లో ఒక షాపులో ఫోన్‌లో ఫొటో చూపిస్తే చకచకా డబ్బా కలిపి ఇచ్చాడు. ఇంటికొచ్చి రేకు మీద కొడితే అచ్చం సిమెంటు గోడ. టెయిల్ లైట్ కింది రంగునా, డోర్ లోపలి రంగునా, దేన్ని నమ్మాలి?

నంబర్ ప్లేటు

రంగు సంగతి పెద్దవాళ్లు చెప్తారు, నేను కాగితాల సంగతి చెప్తా. బండి యాభై ఏళ్లు దాటింది కాబట్టి 2021 రూల్స్ ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి వెళ్లొచ్చు, నంబర్‌లో 'వీఏ' వస్తుంది. ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్ మార్చకుండా ఉంటేనే. ఆర్సీలో గ్రే అనే ఉంది కనుక ఆ రంగుకే తిరిగొస్తే గొడవ లేదు. ఇన్నాళ్లూ తెల్లగా తిరిగినప్పుడు ఎవరూ ఆపలేదంటే అది మీ అదృష్టం.

తార్నాక అంబాసిడర్

బాబూ, ఫోన్ ఫొటో చూసి రంగు కలపడం అంటే చీర ఫొటో చూసి బ్లౌజు ముక్క కొనడమే. ఇంట్లో ఆడవాళ్లనడుగు, అంచు కలవని బాధ ఏంటో చెప్తారు.

ముందు టెయిల్ లైట్ దగ్గర రూపాయి బిళ్లంత చోట 2000 నంబర్ వాటర్ పేపర్ (బాగా సన్నని గరుకు కాగితం) తడిపి మెల్లగా, గుండ్రంగా రుద్దు. ఉల్లిపాయ అడ్డంగా కోసినట్టు వలయాలు తేలతాయి. పైన నీ తెలుపు, దాని కింద ప్రైమర్, ఇంకా కింద ఎప్పుడో వేసిన రంగేదైనా ఉంటే అది. అన్నింటికంటే లోపల, రేకు మీది ప్రైమర్‌ని ఆనుకుని ఉన్నదే ఫ్యాక్టరీ రంగు. కానీ ఒక్క చోట చూసి సంబరపడకు. ఆ మడ్గార్డు ఎప్పుడో గుద్దుకుని మార్చింది కావచ్చు, రేకు దాకా గీకి మళ్లీ వేసింది కావచ్చు. డిక్కీ బీడింగ్ కింద, నంబర్ ప్లేటు వెనక కూడా రుద్దు. మూడు చోట్లా ఒకే రంగు వస్తే అదే నీది.

ఇక ఆ ఆకుపచ్చ సంగతి. అప్పటి నూనె ఎనామెల్ రంగులు వెలుతురు తగలకుండా ఏళ్ల తరబడి ఉంటే పసుపెక్కుతాయి. నీలం మీద పసుపు పడితే ఏమవుతుందో నీకే తెలుసు. ప్యాడ్ తీసేసి, తలుపు తెరిచి బండిని నాలుగైదు రోజులు ఎండలో ఉంచు, ఆ పసుపు చాలావరకు తగ్గుతుంది. తర్వాత రబ్బింగ్ కాంపౌండ్‌తో మెరిపించి, కంప్యూటర్‌తో రంగు కలిపే షాపులో అప్పుడు చూపించు, పాలిపోయిన పైపొర చూపిస్తే కంప్యూటర్ ఆ పాలిపోయిన రంగునే కలుపుతుంది. కంప్యూటర్ మ్యాచింగ్ ఇచ్చేది కూడా దగ్గరి లెక్క మాత్రమే. చివరి నాలుగు చుక్కలు మనిషి కన్నే వెయ్యాలి.

ఇక్కడ నేను దెబ్బ తిన్న ముచ్చట చెప్పాలి. నా మార్క్ టూ అంబాసిడర్‌ది మీగడ రంగు. షాపులో రాత్రి ఏడింటికి ట్యూబ్‌లైట్ కింద చూశాను, పాత రంగు పక్కన పెడితే గీత కూడా తెలియలేదు. బానెట్ వరకు కొట్టించాను. మర్నాడు పొద్దున గేటు బయటికి తీస్తే తలుపులు ఒక రంగు, కొత్తగా కొట్టిన బానెట్ నిమ్మకాయ! పాత పసుపుల్లో సీసం కలిసిన పిగ్మెంట్ ఉండేది, ఇప్పుడు వేరేవి కలుపుతారు. రెండూ ఒక వెలుతురులో కలుస్తాయి, ఇంకో వెలుతురులో విడిపోతాయి. అప్పటినుంచి పొద్దున పదింటికి, నీడపట్టున, ఆరుబయట చూడనిదే డబ్బాకి డబ్బులివ్వను.

డబ్బాలో తడి రంగు చూసి సరే అనకు, ఆరాక ముదురుతుంది. జానెడు రేకు ముక్క మీద, బండికి కొట్టబోయే స్ప్రే గన్‌తోనే కొట్టించి, రాత్రంతా ఆరాక పాతదాని పక్కన పెట్టి చూడు.

బోడుప్పల్ బుల్లెట్

ఇంత టెన్షన్ దేనికి సార్? మంచి మెటాలిక్ గ్రే వేసి పైన క్లియర్ కోటు (రంగు లేని మెరుపు పొర) కొట్టండి, అద్దంలా మెరుస్తుంది.

తార్నాక అంబాసిడర్

మెరుస్తుంది నాయనా, కానీ ఫియట్‌లా ఉండదు. చౌమహల్లాలో నిజాం గారి పసుపు రోల్స్ రాయిస్‌కి మెటాలిక్ వేస్తే చూడగలవా? సాదా రంగుకి క్లియర్ లేని పీయూ (పాలీయూరిథేన్) టాప్‌కోటు చాలు. పాత ఎనామెల్ మీద డ్యూకో (థిన్నర్‌తో కొట్టే లాకర్ రంగు) మాత్రం వద్దు, ఆ థిన్నర్‌కి అడుగు రంగు ముడతలు పడుతుంది. ఇంకోటి, ఎన్ని డబ్బాలు కొన్నా అన్నీ ఒక పెద్ద డబ్బాలో పోసి కలిపాకే గన్‌లో పోయాలి. లేకపోతే ఎడమ తలుపూ కుడి తలుపూ వేరు బండ్లవి అనిపిస్తాయి.

మల్కాజిగిరి_ఫియట్

పెద్దాయనకి దండం. ఐదు రోజులు ఎండలో ఉంచాను, డోర్ లోపలి ఆకుపచ్చ దాదాపు పోయింది, టెయిల్ లైట్ రబ్బరు కింది రంగుకి దగ్గరగా వచ్చేసింది. డిక్కీ బీడింగ్ కింద రుద్దినా అదే. వేరే షాపులో కంప్యూటర్‌తో కలిపించి మూడు రేకులు కొట్టించాను, ఒకదాంట్లో నలుపు రెండు చుక్కలు ఎక్కువ. వెనక నంబర్లు రాసి, ఏమీ చెప్పకుండా పొద్దున పదింటికి వాకిట్లో వరసగా పెట్టి అమ్మని పిలిచాను. మధ్య రేకు తీసి చేతిలో పట్టుకుని, "ఇదేగా, మళ్లీ అడుగుతావేంటి" అని లోపలికి తీసుకెళ్లిపోయింది. ఇప్పుడు ఫ్రిజ్ మీద పెట్టుకుంది. పెయింటర్‌కి చూపించాలి, ఇమ్మంటే ఇవ్వట్లేదు. వెనక రాసిన నంబర్ రెండు, నాకు గుర్తుంది కాబట్టి సరిపోయింది.