నాన్నని ట్రౌట్ వేటకి తీసుకెళ్దామని ఉంది, రాయగడ నుంచి ఎప్పుడు ఎలా వెళ్తే బాగుంటుంది?

నాగావళి గట్టు (రాయగడ):
అందరికీ నమస్తే. మా నాన్నగారు ఈమధ్యే రైల్వేలో రిటైర్ అయ్యారు, ఆయనకి గాలం అంటే ప్రాణం, ఆదివారం వస్తే తవుడు ముద్ద, వానపాముల డబ్బా పట్టుకుని నాగావళి ఒడ్డున ఉండాల్సిందే. ఇప్పుడు ఫోన్లో హిమాచల్ ట్రౌట్ వీడియోలు చూస్తూ జీవితంలో ఒక్కసారైనా ఆ చేప పట్టాలి అంటున్నారు. పిల్లలకి దసరా సెలవులు ఉంటాయి కాబట్టి అప్పుడు వెళ్దామా లేక సంక్రాంతికా? సామాన్లు ఏం కొనాలి? ఇక్కడి దేవమాలి కొండ వైపు గెడ్డల్లో (వాగుల్లో) ట్రౌట్ ఉంటుందని ఎవరో అన్నారు, నిజమేనా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
సంక్రాంతి మాట మర్చిపోండి. నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా హిమాచల్‌లో ట్రౌట్ వేట బంద్, చేప గుడ్లు పెట్టే కాలం అది. జులై ఆగస్టుల్లో వానలకి నీళ్ళు బురదగా ఉంటాయి, కొండ చరియలు పడతాయి, 2023 జులైలో అక్కడి బియాస్ నది ఒడ్డున రోడ్లు ఎలా కొట్టుకుపోయాయో అందరం చూశాం కదా. మిగిలింది మార్చి నుంచి జూన్ మొదటి వారాల వరకు, మళ్ళీ సెప్టెంబర్ ఆఖరు నుంచి అక్టోబర్. దసరాకి వెళ్ళొచ్చు గానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, మనకి విజయదశమితో పండగ అయిపోతుంది, కులూలో ఆ రోజే మొదలై వారం నడుస్తుంది, బస్సులు హోటళ్ళు నిండిపోతాయి. కాబట్టి కులూ దాకా పోకుండా దారిలో ఔట్ అనే ఊళ్ళోనే దిగిపోయి బంజార్ మీదుగా తీర్థన్ లోయకి వెళ్ళండి, గుషైనీ వైపు. రాయగడలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీ నిజాముద్దీన్‌లో దిగొచ్చు, కానీ అది రోజూ ఉండదు, టికెట్లు కూడా ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. ఢిల్లీలో మనాలి వోల్వో రాత్రికి ఎక్కితే పొద్దున్నకి ఔట్.

దేవమాలి సంగతి నిజం కాదండి. 1672 మీటర్ల ఎత్తున్నా వేసవిలో అక్కడి గెడ్డల్లో నీళ్ళు 20 డిగ్రీలు దాటిపోతాయి, ట్రౌట్‌కి అది వేడి. అసలది మన దేశపు చేపే కాదు, బ్రిటీషు వాళ్ళు తెచ్చి చల్లటి కొండ నదుల్లో వదిలింది.

బరంపురం కుర్రాడు (ఇప్పుడు చండీగఢ్‌లో ఉద్యోగం):
పైన చెప్పింది కరెక్టే, నేను సామాను గురించి చెప్తాను అన్నయ్యా. నాన్నగారి వెదురు గాలం, తవుడు ముద్ద ఇంట్లోనే పెట్టండి. ఆరడుగుల లైట్ స్పిన్నింగ్ రాడ్, చిన్న రీల్, 6 పౌండ్ల బరువు ఆగే లైన్ (దారం), మూడు నుంచి ఏడు గ్రాముల స్పిన్నర్లు (నీళ్ళలో గిర్రున తిరిగే లోహపు ఎరలు) కొన్ని, ఇంతే చాలు. పురుగులా కట్టిన తేలికపాటి ఎర విసిరే ఫ్లై రాడ్ నేర్చుకోడానికి టైం పడుతుంది, మొదటిసారికి వద్దు. లైసెన్స్ మత్స్యశాఖ ఇస్తుంది, చాలా గెస్ట్‌హౌస్‌ల వాళ్ళే తెప్పిస్తారు, ఆధార్ ఉంచుకోండి. ఎంత సైజు చేప ఉంచుకోవచ్చు, రోజుకి ఎన్ని, ఏ ఎర వెయ్యొచ్చు అనేది లైసెన్స్ తీసుకునేటప్పుడే అడిగి రాసుకోండి.

ఇంక అసలు విషయం. నాగావళిలో ఒకచోట కూర్చుని ఎదురుచూస్తాం, ఇక్కడ అలా కుదరదు. నీళ్ళు అద్దంలా ఉంటాయి, ట్రౌట్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి పెద్ద బండల వెనక నీళ్ళు నెమ్మదించే చోట నిలబడి కొట్టుకొచ్చే పురుగుల కోసం చూస్తుంది, అందుకే మీరు దాని వెనక నుంచి అంటే కింది వైపు నుంచి పైకి నడుచుకుంటూ రావాలి, మీ నీడ నీటి మీద పడితే ఇక అది దొరకదు. స్పిన్నర్ని ఎగువకి విసిరి ప్రవాహం కంటే కొంచెం వేగంగా చుట్టండి. మూడు నాలుగు సార్లు విసిరాక తగల్లేదంటే ఇంకో బండ దగ్గరకి కదలండి. పొద్దున్నే, సాయంత్రం బాగుంటుంది. వదిలెయ్యాలనుకున్న చేపని తడి చేత్తోనే పట్టుకోండి, పొడి చేతికి దాని ఒంటి మీద జిగురు పోతుంది, జిగురు పోతే అది బతకడం కష్టం. గాలం ముల్లుకి ఉండే చిన్న కొక్కెం పట్టకారుతో నొక్కేస్తే చేపకి బాధ తగ్గుతుంది.

ఒక్క మాట మాత్రం బతిమాలి చెప్తున్నా. బియాస్ మీద డ్యాముల కింద నదిలోకి దిగొద్దు. 2014 జూన్‌లో లార్జీ డ్యామ్ నుంచి ఒక్కసారిగా నీళ్ళు వదిలితే హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది కొట్టుకుపోయారు. లార్జీ మీరు వెళ్ళే దారిలోనే ఉంది. మీరు పైన గుషైనీ దగ్గరే ఉండండి, అక్కడ కూడా రాళ్ళు జారతాయి, నాన్నగారికి గ్రిప్ ఉన్న బూట్లు తప్పనిసరి, ఆయన్ని ఒంటరిగా వదలొద్దు.

కొలాబ్ (కోరాపుట్):
అంత దూరం ఎందుకండీ, ఊటీ దగ్గర అవలాంచిలో కూడా ట్రౌట్ ఉంది, దాని పిల్లల్ని పెంచే హేచరీ ఉంది. మనకి భాష ఇబ్బంది కూడా తక్కువ.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
ఉంది, కాదనను, కానీ అది అటవీ ప్రాంతం, గాలం వెయ్యడానికి పర్మిషన్ సంగతి ముందే కనుక్కోవాలి. పెద్దాయన మనసు హిమాచల్ మీద ఉన్నప్పుడు అక్కడికే తీసుకెళ్ళడం మంచిది, ఇంకో ఐదేళ్ళ తర్వాత ఆ రాళ్ళ మీద నడవగలరో లేదో.

నాగావళి గట్టు (రాయగడ):
అందరికీ చాలా థాంక్స్. చివరి మాట గట్టిగా తగిలింది. ఇంట్లో మాట్లాడాం, పిల్లల పరీక్షలయ్యాక ఏప్రిల్‌లో వెళ్తున్నాం, దసరా రద్దీ వద్దు. నాన్నగారు ఇప్పట్నుంచే పెరట్లో కొబ్బరిచెట్టుకి గురిపెట్టి విసరడం ప్రాక్టీస్ చేస్తానంటున్నారు. తమ్ముడూ, రాడ్ ఇక్కడ దొరకట్లేదు, చండీగఢ్‌లో కొని గుషైనీకి పంపించడం కుదురుతుందా? డబ్బులు ముందే పంపిస్తాను.