సరళరేఖ లెక్కల్లో ఏ ఫార్ములా ఎత్తుకోవాలో ఎట్లా తెలుస్తుంది?

ప్రొద్దుటూరు_ఎంపీసీ:
అన్నా, అక్కా, ఇంటర్ ఫస్టియర్ నేను, సరళరేఖలు చాప్టర్ నడుస్తాంది. ఫార్ములాలన్నీ నోటికొచ్చు కానీ లెక్క చూస్తే ఏది వాడాలో తోచడంలే. ఒకటి (−2, 5) గుండా పోవాలంట, 3ఎక్స్ − 4వై + 7 = 0 కి లంబంగా ఉండాలంట. ఇంకోటి (3, −2), (3, 5) గుండా పోయే రేఖ, స్లోపు (గీత వాలు) వేస్తే కింద సున్నా వస్తాంది, అప్పుడేం రాయాల?

అనంత_లెక్కలు:
స్లోపు, ఒక బిందువు, ఈ రెండూ దొరికితే గీత తేలిపోయినట్టే మ్మా, అవి లెక్కలో యాడున్నాయో వెతుక్కో చాలు. నీ మొదటిదాంట్లో బిందువు ఇచ్చేసినాడు, ఆ గీత స్లోపు 3/4, లంబమంటే రెండు స్లోపులు గుణిస్తే −1 రావాల కాబట్టి మనది −4/3. వై − 5 = −4/3 (ఎక్స్ + 2), సర్దితే 4ఎక్స్ + 3వై − 7 = 0. అయిపోయినాక (−2, 5) పెట్టి చూడు, −8 + 15 − 7, సున్నా. ఈ చెకింగ్ మాత్రం ఎప్పుడూ వదలద్దు, గుర్తులు తారుమారైతే ఈడనే దొరికిపోతాయి.

తుంగభద్ర_ఒడ్డు:
రెండోది నేను చెప్తా. స్లోపంటే ట్యాన్ తీటా, తీటా అంటే గీత ఎక్స్ అక్షంతో చేసే కోణం, నిలువు గీతకు తీటా 90 డిగ్రీలు, ట్యాన్ 90 కి విలువే లేదు, అందుకే కింద సున్నా పడింది, అంతేగానీ గీత లేదని కాదు. రెండు బిందువుల్లోనూ ఎక్స్ 3 యే కదా, వై ఎంతైనా కానీ ఎక్స్ కదలదు, ఆ మాటే రాసెయ్: ఎక్స్ = 3. ఇంకోటి కూడా గుర్తుపెట్టుకో, ఎక్స్/ఎ + వై/బి = 1 రూపం మూలబిందువు గుండా పోయే గీతకు పనికిరాదు, గీత అక్షాలను కోసే చోట్లు చెప్పే ఎ, బి సున్నా అయిపోతాయి.

ప్రొద్దుటూరు_ఎంపీసీ:
చానా థ్యాంక్స్. మరి వై = ఎమ్‌ఎక్స్ + సి ఎప్పుడు వాడాల?

అనంత_లెక్కలు:
మొదలు ఎంత, పెరిగేది ఎంత అని తెలిసినప్పుడు. మా టవర్ క్లాక్ కాడ ఆటో ఎక్కినావనుకో, 2 కిలోమీటర్లకు 40, 5 కిలోమీటర్లకు 70 అన్నాడనుకో. 3 కిలోమీటర్లకు 30 పెరిగింది, అంటే స్లోపు, అదే ఎమ్, 10, మొదటి 40 లో 2 కిలోమీటర్ల 20 తీసేస్తే మిగిలిన 20 ఎక్కగానే పడేది, అదే సి. వై = 10ఎక్స్ + 20. ఇప్పుడు (1, 4) గుండా 2ఎక్స్ + వై = 9 కి సమాంతరంగా పోయేది నువ్వే రాసి పెట్టు.

ప్రొద్దుటూరు_ఎంపీసీ:
2ఎక్స్ + వై − 6 = 0 వచ్చిందన్నా. స్లోపు మారదు కాబట్టి ఎక్స్, వై ముందరి అంకెలు అట్లే ఉంచి, బిందువు పెట్టి చివరిది తీసినా, (1, 4) పెట్టి చెక్ కూడా చేసినా.