బీపీ వల్ల మందమైన గుండె గోడ మళ్లీ తగ్గుతుందా?

మాది గుంటూరు. నాన్నకు 61 ఏళ్లు, మిర్చి యార్డులో గుమాస్తాగా చేసి ఈ మధ్యే మానేశారు. పన్నెండేళ్లుగా బీపీ ఉంది. "నాకేం తలనొప్పి లేదుగా" అంటూ మాత్ర గుర్తొస్తే వేసుకునేవారు, లేకపోతే లేదు. పోయిన వారం మేడ మెట్లెక్కుతూ ఆయాసంతో మధ్యలోనే కూర్చుండిపోయారు. ఎకో (గుండె స్కాన్) తీయిస్తే ఎడమ జఠరిక, అంటే ఒంటికంతా రక్తాన్ని నెట్టే గుండె గది, గోడ మందం 14 మిల్లీమీటర్లని వచ్చింది. మామూలుగా 10 దాటకూడదట. ఈఎఫ్ (ఆ గదిలోని రక్తంలో ఒక్కో దెబ్బకు బయటికి నెట్టే వాటా) మాత్రం 60 శాతం, అంటే బాగానే ఉన్నట్టు.

డాక్టరు గారు రెండు నిమిషాల్లో చెప్పి పంపేశారు. నాకర్థమైంది ఇదీ: ఎక్కువ ఒత్తిడికి ఎదురుగా రక్తాన్ని నెట్టీ నెట్టీ, బస్తాలు మోసే హమాలీ భుజాల్లా గుండె కండరం లావెక్కుతుంది. కానీ ఇది బలం కాదు. గోడ మందమయ్యేకొద్దీ బిరుసెక్కుతుంది, లోపలి గది ఇరుకవుతుంది. పిండటం బాగానే ఉన్నా, సడలి రక్తం నింపుకోవడం కష్టం. అందుకే ఈఎఫ్ బాగున్నా ఆయాసం. ఇంకా అశ్రద్ధ చేస్తే కొన్నేళ్లకు గుండె సాగి నీరసపడొచ్చట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకే టెన్షన్.

టెల్మిసార్టన్ అనే బీపీ మాత్ర రాశారు. బీపీ అదుపులో ఉంటే ఈ మందం కొంత తగ్గుతుందని చదివాను. మీ ఇంట్లో ఎవరికైనా తగ్గిందా? ఎన్నాళ్లు పట్టింది? మళ్లీ ఎకో ఎప్పుడు తీయించారు?

ఇంకోటి, ఆయనకు ఆవకాయ లేనిదే ముద్ద దిగదు. గొడవ కారంతో కాదు నాన్నా, ఉప్పుతో అంటే వినరు. మీరెలా మాన్పించారో కాస్త చెప్పండి.