అప్‌డేట్: సువర్ణభూమి నుంచి పట్టాయాకి బస్సే ఖాయం చేశాం

బ్యాంకాక్ సువర్ణభూమి ఎయిర్‌పోర్టు నుంచి పట్టాయాకి బస్సా, టాక్సీనా అని అడిగాను కదా. బస్సు సలహానే పనికొచ్చింది, చెప్పినవాళ్లకి థాంక్స్. బ్యాంకాక్ ఊళ్లోకెళ్లి ఎక్కమయి బస్టాండులో ఎక్కే అవసరమే పడలేదు. ఎయిర్‌పోర్టు కింది అంతస్తులో, 8వ గేటు దగ్గరే బస్సు టికెట్ కౌంటరు. దాదాపు రెండు గంటల ప్రయాణం. బాత్‌లు (థాయ్ డబ్బులు) చేతిలో ఉంటే మంచిది.

అసలు తిరకాసంతా దిగే దగ్గరే. బస్సు బీచ్ రోడ్డుకి రాదు. సుఖుమ్విత్ హైవే మీద నార్త్, సెంట్రల్, సౌత్ పట్టాయా జంక్షన్లలో ఆపుతూ పక్కనున్న జోమ్‌టియన్ వెళ్లిపోతుంది. హోటల్‌కి ఏ జంక్షన్ దగ్గరో మ్యాప్‌లో ముందే చూసుకోండి, లేకపోతే పెట్టెలతో సాంగ్‌థ్యూ (అక్కడి షేర్ పికప్ బండి) వెనక పరిగెత్తాలి.

పెట్టెలు ఎక్కువున్నా, అర్ధరాత్రి దిగినా టాక్సీయే నయం. మీటరు మీద ఎయిర్‌పోర్టు సర్‌ఛార్జీ, టోల్ అదనం. బ్యాంకాక్ రెండో ఎయిర్‌పోర్టు డాన్ మువాంగ్‌లో దిగేవాళ్లకి ఈ కౌంటరు సంగతి వర్తించదు.