షూరిటీ సంతకం గురించి ప్రార్థిస్తున్నాను, జవాబు వచ్చిందని ఎలా తెలుస్తుంది?

పల్లె_టీచరమ్మ (ప్రశ్న)

అందరికీ వందనాలు. మాది రేపల్లె దగ్గర పల్లె. నేను గవర్నమెంటు స్కూల్లో టీచర్ని. మా ఆడపడుచు భర్తకి రొయ్యల చెరువుల మేత, మందులు అమ్మే షాపు ఉంది. ఆయన పది లక్షల చీటీ కట్టి (నెలకి 20,000, మొత్తం 50 నెలలు) పన్నెండో నెలలో పాడుకున్నాడు. డబ్బు చేతికి రావాలంటే షూరిటీలు పెట్టాలి. "ఒక్క సంతకం చెల్లెమ్మా, గవర్నమెంటు జీతం ఉన్నది మనింట్లో నీకే కదా" అంటున్నాడు. మా ఆయన్ని అడిగితే "నీ ఇష్టం" అని పేపర్ తిరగేస్తున్నారు. చెల్లెలి సంగతి మరి, ఆయన మాత్రం ఏం చెప్తారు.

నాలుగు రోజులుగా తెల్లారుజామున లేచి ఇదే ప్రార్థన. జనవరి ఒకటి ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దానం కార్డు కీర్తన 32:8, "నీకు ఉపదేశము చేసెదను, నీవు నడవవలసిన మార్గమును నీకు బోధించెదను." సరే, బోధిస్తాడు కదా అని ఎదురుచూస్తుంటే మొన్న పొద్దున నా వరస పఠనంలో మత్తయి 5:42 వచ్చింది. అడిగినవాడికి ఇవ్వు, అప్పు అడిగేవాడి నుంచి ముఖం తిప్పుకోకు అని. గుండె జారిపోయింది. పైగా అన్నయ్య ఫోన్లో, "యేసు మన పూటకాపు, అంటే షూరిటీ, అని అయ్యగారు హెబ్రీయులకు 7లో నుంచి చెప్పారుగా, మరి మనం ఒకరికొకరం నిలబడొద్దా" అన్నాడు.

మోకాళ్ల మీద కళ్లు మూసుకుంటే నాకు జీతం స్లిప్పే కనబడుతోంది. 58,000, అందులో ఇంటి లోను 17,400. ఇది దేవుడు చూపిస్తున్నదా, నా పిసినారితనమా? శుక్రవారం లోపల చెప్పాలి. చాలా టెన్షన్‌గా ఉంది.

కృపా_కిరణం

ప్రైజ్ ది లార్డ్ సిస్టర్. న్యాయాధిపతులు 6లో గిద్యోను ఉన్ని పరచినట్టు మీరూ ఒక గుర్తు అడగండి. "శుక్రవారం లోపు ఆయనే మళ్లీ ఫోన్ చేస్తే సంతకం పెడతాను, చేయకపోతే లేదు" అని. లేదా అపొస్తలులు మత్తీయ కోసం వేసినట్టు చీట్లు వేయండి. నేను పెళ్లి సంబంధానికి అలాగే చేశాను.

పాత_క్యాషియర్

కృపా_కిరణం గారూ, డబ్బు కావలసిన మనిషి శుక్రవారం లోపు ఫోన్ చేయడానికి దేవుడి గుర్తు అక్కర్లేదండీ, పది సార్లు చేస్తాడు. చీటీ కోసం చీట్లా! గిద్యోనుకైతే దేవుడు ముందే స్పష్టంగా చెప్పాడు. నమ్మకం చాలక ఉన్ని పరిచాడు.

టీచరమ్మా, నేను బ్యాంకులో క్యాషియర్‌గా రిటైరయ్యాను, మా సంఘంలో పెద్దని. ముందు నీ కార్డు సంగతి. వాగ్దానం కార్డుల మీద 8వ వచనమే అచ్చు వేస్తారు. బైబిలు తీసి దాని కింద 9వది చదువు. బుద్ధి జ్ఞానాలు లేని గుర్రంలాగా, కంచరగాడిదలాగా ఉండొద్దు, వాటిని కళ్లెంతో లాగితే గాని రావు అంటుంది. అంటే దారి చూపిస్తానన్నవాడే బుర్ర కూడా వాడమంటున్నాడు. నీకు జీతం స్లిప్పు కనబడటం పిసినారితనమని నేననుకోను. లూకా 14లో గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క వేసుకుంటాడు కదా, నువ్వు మోకాళ్ల మీద చేస్తున్నదీ అదే.

ఇప్పుడు ఆ లెక్కే చేద్దాం. ఇంకా 38 వాయిదాలు. పాటలో మిగిలింది అందరికీ పంచే డివిడెండు వదిలేస్తే 7,60,000. నువ్వు సంతకం పెట్టేది దానికి, "ఒక్క సంతకానికి" కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అసలు బాకీదారుకి ఎంత బాధ్యతో షూరిటీకీ అంతే. ముందు ఆయన్ని పట్టుకుని, అక్కడ రాకపోతేనే నీ దగ్గరకు రావాలన్న నియమం లేదు. జీతం ఉన్నవాళ్ల దగ్గరకే ముందొస్తారు, తేలిక కాబట్టి. జప్తు దాకా వెళ్తే జీతంలో మొదటి వెయ్యి పోను మిగిలినదాంట్లో మూడో వంతు వరకు పట్టుకోవచ్చు, ఒక డిక్రీ (కోర్టు తీర్పు) మీద 24 నెలల దాకా. నీకు నెలకి సుమారు 19,000. ఇంటి లోను వాయిదా దాని మీద అదనం.

నేను కూడా ఒకప్పుడు తోటి ఉద్యోగికి పెట్టాను. ప్రార్థన చేసే పెట్టాను, "ప్రభువా, నీ చిత్తం" అని రెండు నిమిషాలు. కాగితం చదవలేదు. మూడేళ్లు నా జీతంలోంచి కట్టాను. ఆ మూడేళ్లూ మా ఆవిడ సంక్రాంతికి చీర కొనలేదు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఇంకా బాధ.

పూటపడటం గురించి సామెతలు 6, 11, 22 చదువు. చెల్లించడానికి లేకపోతే నీ కింద పరుపు కూడా లాక్కుపోతారని 22లో ఉంది. యెరూషలేము గోడ కట్టడానికి రాజుని సెలవడిగిన నెహెమ్యాని కూడా చూడు. రాజు అడిగిన ప్రశ్నకీ తన జవాబుకీ మధ్య నిలబడిన చోటే ప్రార్థించాడు. కానీ వెంటనే దారికి తాకీదులు, అడవి అధికారి ఆసాపుకి మ్రానుల కోసం ఉత్తరం, అన్నీ గుర్తుపెట్టుకుని అడిగాడు. చీటీ పాస్ పుస్తకం అడుగు. అన్నయ్యని అనుమానించినట్టు అవుతుందని భయపడకు.

తులసికోట

మేం హిందువులం, అయినా ఒక మాట చెప్తాను. మా అమ్మ ఏదైనా తేలకపోతే తెల్లపువ్వు, ఎర్రపువ్వు కాగితాల్లో చుట్టి వేంకటేశ్వరస్వామి పటం ముందు పెట్టి, చిన్నపిల్లతో ఒకటి తీయించేది. ఆ చిన్నపిల్లని నేనే. స్థలం అమ్మాలా వద్దా అన్నప్పుడు మూడుసార్లు ఎర్రపువ్వే తీశాను. "సరిగ్గా దండం పెట్టుకోలేదు నువ్వు" అని నాలుగోసారి తీయించింది. అమ్మకి ఏం కావాలో అప్పటికే తెలుసు, స్వామి ఒప్పుకోవాలంతే. మీకు లోపల ఇప్పటికే ఏమనిపిస్తోందో చూసుకోండి టీచరుగారూ.

వార్డు_సిస్టర్

క్యాషియర్ గారి లెక్క కరెక్టే. కానీ సామెతలు చూపించి అందరూ తప్పుకుంటే నేను నర్సు అయ్యేదాన్ని కాదు. నాన్న లేడు. కోర్సు లోనుకి మా మేనమామ షూరిటీ ఉన్నాడు. తమ్ముడు బెన్యామీను కోసం యూదా "నేను పూటపడతాను" అన్నాడు కదా, ఆదికాండం 43లో, అదీ బైబిలే. కాకపోతే మా మామయ్య అత్తకి ముందే చెప్పాడు, "పిల్ల కట్టకపోతే మన ఎకరం పోతుంది, సరేనా?" అని. ఆమె సరే అన్నాకే వచ్చాడు. అక్కా, మీ ఆయన "నీ ఇష్టం" అనడం నాకు నచ్చలేదు. ఇద్దరూ కలిసి ప్రార్థించారా?

పల్లె_టీచరమ్మ

లేదు సిస్టర్, కలిసి ప్రార్థించలేదు. మీరడిగాకే తట్టింది. నిన్న రాత్రి ఆయన చేతిలో పేపర్ తీసేసి కూర్చోబెట్టాను. ప్రార్థన ఐదు నిమిషాలు, తర్వాత గంటసేపు పాత హోంవర్కు పుస్తకం వెనక లెక్కలు. 7,60,000 అని రాసి చూపిస్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "అంతా?" అన్నారు.

పాస్ పుస్తకం అడిగితే అన్నయ్య ముందు చిన్నబుచ్చుకున్నాడు, సాయంత్రానికి ఫోటో పంపాడు. వాయిదాలు సరిగ్గానే కట్టాడు, తప్పేం లేదు. అది చూసి నా మనసు మళ్లీ ఊగింది, నిజం చెప్తున్నా. కానీ రొయ్యల ధర ఆయన చేతిలో లేదు. చెరువు పోతే అరువు తీసుకున్న రైతు షాపుకి కట్టడు.

మత్తయి 5:42 మాత్రం వదల్లేదు నన్ను. మా దగ్గర మళ్లీ రాకపోయినా తట్టుకోగలిగేది 60,000. అది తిరిగి అడగకుండా ఇచ్చేద్దాం, సంతకం మాత్రం వద్దు అనుకున్నాం ఇద్దరం. అనుకున్నాక నాకు నిద్ర పట్టింది, ఆయనకి పట్టలేదు. ఆదివారం దాకా ఆగకుండా శుక్రవారమే వెళ్లి చెల్లెలికి తానే చెప్తానన్నారు. ఇప్పుడు ప్రార్థన దాని గురించే.